పరదేశంలో కడప ఉగాది చేసుకోవడం ఎలా

దీపావళికి పరదేశంలో అంత లోటు తెలియదు. ఎక్కడున్నా నాలుగు కుటుంబాలు కలుస్తాయి, ఆఫీసులో ఎవరో ఒకరు స్వీట్లు పంచుతారు. ఉగాది అలా రాదు. మామూలు పనిరోజున వచ్చి, పక్కింటివాళ్లకు కూడా తెలియకుండా వెళ్లిపోతుంది. పొద్దున్నే ఫోన్ తెరిస్తే వాట్సాప్ నిండా శుభాకాంక్షలు, అమ్మ పంపిన వాకిలి ఫోటో, కొత్త బట్టల్లో అన్న పిల్లలు. మీరేమో డ్యూటీకి బయల్దేరాలి. కడప జిల్లా నుంచి కువైట్‌కో, డల్లాస్‌కో, మెల్‌బోర్న్‌కో వెళ్లినవాళ్లలో చాలామందికి ఏడాది మొత్తంలో ఇంటిమీద బెంగ గట్టిగా పట్టుకునేది ఆ పొద్దుటే.

ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. చిన్నప్పటి పండగలో మనం చూసినవాటికన్నా, మన చేత్తో చేసిన పనే మనసులో ఎక్కువ నిలిచిపోతుందని నా నమ్మకం. ఆ పనిని మళ్లీ పట్టుకుంటే బెంగ తగ్గుతుంది. ఫోటోలు చూస్తూ కూర్చుంటే పెరుగుతుంది. అందుకే కింద చెప్పేదంతా ఎక్కువగా పని గురించే.

ముందు మీ పని ఏదో గుర్తుచేసుకోండి

ఒక కాగితం తీసుకుని, చిన్నప్పుడు ఉగాదికి మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం చేసేవాళ్లో రాయండి. తెల్లవారకముందే వేపచెట్టు కింద గుడ్డ పరిచి పూత రాల్చుకొచ్చింది ఎవరు? మామిడాకులు, వేపమండలు కలిపి వాకిలికి కట్టింది ఎవరు? కల్లాపి చల్లి ముగ్గేసింది, బెల్లం చితక్కొట్టింది, కొత్త బట్టల మూలలకు పసుపు పెట్టింది, పక్కింటికి గిన్నెలో పచ్చడి పట్టుకెళ్లింది? ఇందులో ఏదో ఒకటి మీదై ఉంటుంది. అదే ఈ ఏడాది మీ పండగ.

అన్నీ చేయాలని పెట్టుకోవద్దు. పదిమంది కలిసి చేసిన పండగను ఒక్కరే నెత్తినేసుకుంటే సాయంత్రానికి విసుగే మిగులుతుంది. మీ పని ఒకటి, వంటకం ఒకటి, పిలిచి అన్నం పెట్టడానికి మనిషి ఒకరు. ఈ మూడూ కుదిరితే పండగ కుదిరినట్టే. మిగతావి వీలైతే చేసుకోండి.

మీ పని ఏదో గుర్తురాకపోతే అమ్మకు ఫోన్ చేసి అడగండి. "ఉగాదికి నన్ను ఏం పని చేయమనేదానివి?" అంటే చాలు, అరగంట మాట్లాడుతుంది. మీరు మర్చిపోయినవి కూడా బయటికొస్తాయి.

తేదీ ఖాయం చేసుకుని సెలవు పెట్టండి

ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజే పండగ అనేది మామూలు లెక్క. చిక్కల్లా సూర్యోదయం ఒక్కో ఊరిలో ఒక్కో వేళకు కావడమే. 2025లో కడపలో మార్చి 30న ఉగాది చేసుకున్నారు. అదే తిథి కాలిఫోర్నియా టైములో మార్చి 29 తెల్లవారకముందే మొదలై, ఆ అర్ధరాత్రి దాటగానే అయిపోయింది. అంటే అక్కడి సూర్యోదయం లెక్కన పండగ ఒక రోజు ముందే పడింది. ఇలాంటి ఏడు టెన్షన్ పడనక్కర్లేదు. మీ ఊరి పేరు పెట్టి పంచాంగం చూపించే యాప్‌లు ఉన్నాయి, దగ్గర్లో గుడి ఉంటే పూజారిని అడగొచ్చు. ఇంట్లోవాళ్లతో పాటే చేసుకోవాలనిపిస్తే కడప తేదీ పట్టుకోండి. తప్పేమీ లేదు.

2026లో పరాభవ నామ సంవత్సర ఉగాది మార్చి 19న. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం వస్తుంది కాబట్టి 2027లో ప్లవంగ ఉగాది వెనక్కి జరిగి ఏప్రిల్ 7కు పోతుంది. తేదీ చేతిలో ఉంటే సెలవు రెండు నెలల ముందే అడగొచ్చు. పూర్తి రోజు దొరక్కపోతే పొద్దున పూట రెండు గంటలు ఆలస్యంగా వస్తానని చెప్పండి. ఉగాదిలో అసలు పండగంతా పొద్దున్నే.

సెలవు మాటే ఎత్తలేని ఉద్యోగాలు కూడా ఉన్నాయి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వెళ్లి ఇళ్లలో వంటకు, డ్రైవింగుకు కుదిరినవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. వాళ్ల కోసం పొయ్యి కూడా అక్కర్లేని పద్ధతి ఒకటి కింద చెప్తాను.

వేపపూత సంగతి

అన్నిటికన్నా ముందుచూపు కావలసింది దీనికే. వేప పూసేది సరిగ్గా ఉగాది రోజుల్లోనే. కాబట్టి పరదేశంలో ఈ ఏడాది పచ్చడిలోకి పోయినేడు ఎండబెట్టిన పూత కావాలి. ఇంటి దగ్గర ఎవరికైనా చెప్పండి: పొద్దున్నే చెట్టు కింద గుడ్డ పరిచి కొమ్మ దులపాలి, కాడలు, పుల్లలు ఏరేయాలి, చాటలో చెరిగి, పలుచని గుడ్డ కప్పి నీడలో గలగలమనేదాకా ఆరబెట్టాలి. గాలి దూరని డబ్బాలో పోస్తే మళ్లీ ఉగాదికి నిక్షేపంగా ఉంటుంది. అది మీకు అందకపోతే తమిళుల సరుకుల కొట్లో అడిగి చూడండి. వాళ్లు వేపపూతతో చారు పెట్టుకుంటారు కాబట్టి ఎండు పూత కొన్నిచోట్ల ప్యాకెట్లలో దొరుకుతుంది.

సూట్‌కేసులో పెట్టుకొచ్చే ముందు ఆ దేశపు నిబంధనలు చూసుకోండి. అమెరికాకు పచ్చి కరివేపాకు తీసుకెళ్లనివ్వరు, ఆస్ట్రేలియాలో తిండి వస్తువైనా, ఎండుటాకైనా ఫారంలో రాసి చూపించాల్సిందే. దాచిపెట్టి దొరికితే జరిమానా పడుతుంది. చూపించి వాళ్లు తీసేసుకున్నా పోయేది గుప్పెడు పూతే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. దుబాయ్, మస్కట్ లాంటి ఊళ్లలో రోడ్ల పక్కన, పార్కుల్లో వేపచెట్లు ఉంటాయి. మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో కూడా నీడ కోసం వేలాది వేపచెట్లు నాటారు. మీ చుట్టుపక్కల ఏదైనా చెట్టు ఉంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. కొమ్మలు విరవొద్దు, రాలినవాటిలో శుభ్రమైనవి ఏరుకుంటే చాలు. ప్రైవేటు స్థలమైతే అడిగి ఏరుకోండి.

రెండు చెట్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మొదటిది కొండవేప, దీన్నే తురకవేప అని కూడా అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ఆస్ట్రేలియాలో ఇది బాగా పెరుగుతుంది. దూరం నుంచి ఆకు అచ్చం వేపాకే. దగ్గరికి వెళ్లి పువ్వు చూడండి. మన వేపపూత తెల్లగా, చిన్నగా ఉంటుంది. కొండవేప పువ్వు వంకాయ రంగు కలిసి, మధ్యలో ముదురు రంగు గొట్టంతో ఉంటుంది. దాని కాయలు విషం. పచ్చడిలో ఆ చెట్టుది ఏదీ పడకూడదు. రెండోది గన్నేరు. గల్ఫ్‌లో రోడ్ల మధ్యన వరసగా పెంచుతారు. ఆకు పొడుగ్గా, ముదురు పచ్చగా ఉంటుంది కాబట్టి మామిడాకు దొరకనివాళ్లకు తోరణం కడదామనిపిస్తుంది. కట్టొద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

తోరణానికి మామిడాకు దొరకకపోతే పచ్చి బిర్యానీ ఆకులు దారానికి గుచ్చి కట్టుకోవచ్చు, వాసన కూడా బాగుంటుంది. గుడ్డతో కుట్టిన తోరణం ఇంటి నుంచి తెచ్చుకుని ఏటా అదే కట్టేవాళ్లూ ఉన్నారు. అదీ మంచిదే.

వేపపూత ఏ రకంగానూ దొరకకపోతే పావు చెంచా మెంతులు దోరగా వేయించి పొడికొట్టి వేయండి. చేదు చేదే.

ముందురోజు

ఇల్లు తుడుచుకోవడం ముందురోజే అయిపోవాలి. సున్నం, జాజు ఇక్కడ కుదరవు గానీ, వాకిలి ముందున్న చెప్పుల కుప్ప తీసేసి తలుపు తడిగుడ్డతో తుడిచినా ఇంటికి పండగ కళ వస్తుంది. అపార్ట్‌మెంట్ వరండాలో ముగ్గు వేయనివ్వకపోతే ఒక పాత పళ్లెంలోనో అట్టమీదో వేసి లోపల గుమ్మం దగ్గర పెట్టుకోండి.

పచ్చి మామిడికాయ కోసం మన కొట్లోనే వెతకొద్దు. మెక్సికోవాళ్ల కొట్లో, థాయ్ కొట్లో గట్టి పచ్చికాయలు దొరుకుతాయి. నొక్కితే రాయిలా ఉండాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే తీపి వాసన రాకూడదు. ఫ్రిజ్ పెట్టెల్లో గడ్డకట్టించిన ముక్కలు కూడా అమ్ముతారు, పచ్చడికి పనికొస్తాయి. చిత్రాన్నానికి మాత్రం పచ్చికాయ తురుము ఉంటేనే రుచి.

కొత్త బట్టలు తీసి పసుపు పెట్టి ఉంచుకోండి. చొక్కా ఒక్కటైనా సరే. నువ్వుల నూనె, సీకాయ బాత్‌రూములో సర్దుకోండి. రాత్రి పడుకునే ముందు మామిడికాయ కడిగి, చింతపండు విడిగా తీసి, బెల్లం తరిగి పెట్టుకుంటే తెల్లవారి తొందర ఉండదు.

తెల్లవారి: నీళ్లు, తోరణం, పచ్చడి

సూర్యోదయానికి ముందే లేవండి. ఒంటికీ తలకూ నువ్వుల నూనె పెట్టుకుని, కాసేపాగి సీకాయతో తలకు పోసుకోండి. అపార్ట్‌మెంట్ టబ్బులో నూనె పడితే జారుతుంది, కింద పాత తువ్వాలు వేసుకోండి. కొత్త బట్ట కట్టుకుని తోరణం కట్టి దీపం పెట్టండి. క్యాంపు గదుల్లో, హాస్టళ్లలో మంట వెలిగించడం నిషేధం కాబట్టి అక్కడ చిన్న బ్యాటరీ దీపం చాలు. ఇళ్లలో కూడా సాంబ్రాణి, కర్పూరం పొగకు అలారం మోగుతుంది. కిటికీ తెరిచాకే వెలిగించండి.

పచ్చడి నలుగురికి లెక్క చెప్తాను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రెండు గ్లాసుల పలుచని రసం తీయండి. అర గ్లాసు బెల్లం తరుగు అందులో కరిగించి వడగట్టండి. గల్ఫ్‌లో దొరికే నల్లబెల్లంలో ఇసుక ఉంటుంది, ఈ వడగట్టడం మానొద్దు. ఒక మామిడికాయ చెక్కుతోనే సన్నగా తరిగి వేయండి. చిటికెడు ఉప్పు, చిటికెడు కారం. పచ్చి వేపపూత అయితే రేకులు మాత్రమే ఒక చెంచా, ఎండుదైతే నెయ్యి చుక్కలో వేయించి నలిపి అర చెంచా. మా వైపు కొన్ని ఇళ్లలో అరటిపండు ముక్కలు, వేయించిన పప్పులు కూడా వేస్తారు. మీ ఇంట్లో ఎలా చేసేవాళ్లో అలాగే చేయండి. ఇంటర్‌నెట్‌లో చూసిన పచ్చడి ఎంత బాగున్నా అది వేరేవాళ్ల ఇంటిది.

డ్యూటీ నుంచి కదల్లేనివాళ్లు ముందురోజు రాత్రి చిన్న డబ్బాలో బెల్లం ముక్క, కాస్త చింతపండు, చిటికెడు ఉప్పు, కారప్పొడి, ఎండు వేపపూత పెట్టుకోండి. మామిడికాయ లేకపోతే నిమ్మరసం పిండండి. ఒక లోటాలో నీళ్లు పోసి వేళ్లతో పిసికితే పచ్చడి తయారు, పొయ్యి అక్కర్లేదు. తూర్పు తిరిగి దండం పెట్టుకుని నోట్లో వేసుకోండి. పది నిమిషాలు కూడా పట్టదు. తర్వాత వచ్చే శుక్రవారం ఊరివాళ్లంతా ఒక గదిలో కలిసి వండుకోవచ్చు.

ఓళిగలు

కడపలో ఉగాది అంటే ఓళిగలు, అంటే బొబ్బట్లు. కర్నూలువాళ్లు బక్ష్యాలంటారు. ఇది కుదిరితే ఆ రోజు ఇంటి వాసనే మారిపోతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మొదటిసారి చేసేవాళ్లు పండగకు ముందు ఒక ఆదివారం కొంచెంగా చేసి చూసుకోండి.

ముందు పిండి కలపాలి, దానికి నానే సమయం కావాలి. గ్లాసుంపావు మైదాలో చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి, చపాతీ పిండికన్నా బాగా జారుగా, చేతికి అంటుకునేటట్టు కలపండి. మూడు నాలుగు చెంచాల నూనె పోస్తూ, సాగదీస్తూ పిసకండి. చెవి తమ్మెంత మెత్తగా అయ్యాక పైన ఇంకాస్త నూనె పోసి మూతపెట్టి రెండు గంటలు వదిలేయండి. నానితేనే సాగుతుంది, తొందరపడితే పూర్ణం బయటికొస్తుంది.

గ్లాసు శనగబేడలు గంటసేపు నానబెట్టి, నీళ్లు ధారాళంగా పోసి విడిగిన్నెలో ఉడికించండి. కుక్కర్‌లో త్వరగానే అవుతుంది గానీ ఒక్క విజిల్ ఎక్కువైతే గుజ్జయిపోతుంది. ఒక బేడ రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, కానీ గిన్నెలో బేడ బేడగానే కనిపించాలి. అక్కడ ఆపండి. జల్లెట్లో వేసి నీళ్లన్నీ వార్చండి. ఆ నీళ్లు పారబోయొద్దు, అదే కట్టు, చారుకు కావాలి.

వార్చిన బేడల్లో గ్లాసు బెల్లం వేసి సన్న మంటమీద కలుపుతూ ఉండండి. బెల్లం కరిగి మొదట జారవుతుంది, కంగారు పడొద్దు. గరిటె నిలబెడితే నిలబడేదాకా దగ్గర పడనివ్వండి. దించి, యాలకుల పొడి వేసి, వేడి తగ్గాక నీళ్లు చుక్క కూడా తగలకుండా రుబ్బండి. ముద్ద కట్టి చూస్తే చేతికి అంటకూడదు. ఇంకా జారుగా ఉంటే మళ్లీ పొయ్యిమీద పెట్టండి, అప్పటికీ కాకపోతే వేయించిన పప్పుల పొడి రెండు చెంచాలు కలపండి.

తట్టడం చేతితోనే. అమ్మవాళ్లు అరటాకు మీద నూనె రాసి, మధ్యలో చిన్న పిండి ముద్ద పెట్టి వేళ్లతో వెడల్పు చేసి, దానికి రెండింతలున్న పూర్ణం ఉండ పెట్టి మూసి, మళ్లీ తిప్పి, నాలుగు వేళ్ల కొసలతో మధ్య నుంచి అంచులకు తట్టుకుంటూ పోతారు. అంచు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగి, అక్కడ మందంగా మిగిలిన పిండిని పలుచన చేస్తుంది. చూసి నేర్చుకోవలసింది ఆ కదలికే. అమ్మ తడుతున్నప్పుడు ఎవరినైనా వీడియో తీసి పంపమనండి, మొహం కాకుండా చేతులు కనిపించేటట్టు.

అరటాకు లేకపోతే పొయ్యి వేడికి తట్టుకునే బేకింగ్ కాగితానికి నూనె రాసి తట్టండి. కాగితంతో సహా పెనంమీద బోర్లించి, కొన్ని క్షణాలాగి కాగితం ఊడదీయొచ్చు. ప్లాస్టిక్ కవరు మీద తడితే మాత్రం చేతిలోకి తీసుకున్నాకే పెనంమీద వేయాలి, కవరు పెనానికి తగలకూడదు. పెనం మధ్యస్థంగా కాగాలి. కరెంటు పొయ్యి మీద ఇనప పెనం ముందుగా బాగా కాగనిచ్చి, మంట తగ్గించి మొదలుపెట్టండి. రెండు పక్కలా నెయ్యి వేసి, అక్కడక్కడా ఎర్రటి మచ్చలు రాగానే తీసేయండి. మొదటిది విరిగిపోతే పిల్లల నోట్లోకి పోతుంది, ఊళ్లో కూడా అంతే.

కట్టు చారు ఓళిగలకు జత. వార్చిన నీళ్లలో చింతపండు రసం, ఒక చెంచా పూర్ణం, ఉప్పు, చారుపొడి, పసుపు వేసి మరిగించి, నెయ్యిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు తిరగమోత పెట్టండి. తీపి, పులుపు, కారం మూడూ నాలికమీద విడివిడిగా తెలియాలి. దీనికి తోడు మామిడికాయ చిత్రాన్నం, అందులో చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు దండిగా వేస్తే ఇక వేరే కూర అక్కర్లేదు.

ఎవరికి పెట్టాలి

ఒక్కరే కూర్చుని తినొద్దు. ముందే అనుకున్నట్టు ఒక్క మనిషినైనా పిలవండి.

కడపవాళ్లకు ఈ విషయంలో ఊరే దారి చూపిస్తుంది. ఉగాది పొద్దున దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు, దర్శనం వరసలో బురఖాల్లో ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉంటారు. బీబీ నాంచారి తమ ఆడపడుచు, ఆమెను పెళ్లాడిన స్వామి తమకు అల్లుడు అని వాళ్ల నమ్మకం. ఏటా ఉగాదికి వచ్చి టెంకాయ కొట్టి వెళ్తారు. తిరుమలకు తొలి గడప అని పేరున్న గుడి అది. కొత్త సంవత్సరం అక్కడ ఇలా మొదలవుతుంది.

పరదేశంలో మీ గదిలోనో, పక్క ఫ్లాట్‌లోనో కడప ముస్లిం ఒకరు ఉండే అవకాశం ఎక్కువే. మొదటి ఓళిగ వాళ్లకు పట్టుకెళ్లండి. ఊళ్లో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి, గుడికి వెళ్తున్నాడేమో అడగండి, మీ పేరున కూడా ఒక టెంకాయ కొట్టమనండి. 2025లో కువైట్‌లో రంజాన్ పండగ కూడా మార్చి 30నే వచ్చింది, ఓళిగలు, సేమియా ఒకే రోజు. రెండు పండగలూ అమావాస్య దాటాక వచ్చే చంద్రుణ్ని పట్టుకుని నడిచేవే కాబట్టి ఇలా కలుస్తుంటాయి. ఉగాది రంజాన్ నెల ఉపవాసాల్లో పడిన ఏడు గల్ఫ్‌లో పగలు బయట తినొద్దు, విందు సాయంత్రం ఇఫ్తార్ వేళకు పెట్టుకోండి. అందరూ కలిసి కూర్చోవచ్చు.

ఫోన్ ఎప్పుడు చేయాలి

రోజంతా వీడియో కాల్‌లో కూర్చోవద్దు. అక్కడివాళ్లకు పని సాగదు, ఇక్కడ మీ పని మొదలవదు. రెండుసార్లు చాలు.

కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మీరు పచ్చడి తినే వేళకు కడపలో ఓళిగలు కాలుతుంటాయి, అమ్మ చేతులు ఖాళీగా ఉండవు. కాబట్టి ఒకసారి చూపించి పెట్టేయండి, తీరిగ్గా మాట్లాడటం మధ్యాహ్నం భోజనాలయ్యాక. డల్లాస్‌వాళ్లకు తేడా ఆ రోజుల్లో పదిన్నర గంటలు. కడపలో ఉగాది పొద్దున ఆరున్నర అంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. అప్పుడు ఫోన్ పక్కన పెట్టుకుని, అమ్మ పచ్చడి కలుపుతుంటే మీరు బెల్లం తరుక్కోండి. మీకు తెల్లవారి ఆరున్నర అయ్యేసరికి కడపలో సాయంత్రం ఐదు, గుళ్లో పంచాంగ శ్రవణానికి జనం చేరే వేళ. నాయన గుడి దగ్గర ఉంటే మీ రాశికి ఆదాయం, వ్యయం ఎంత చెప్పారో విని చెప్పమనండి. లండన్‌లో మార్చి ఆఖరి ఆదివారం, మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు మారతాయి, ఉగాది వాటికి ఇటూ అటూ పడుతుంది కాబట్టి ఆ ఏటి తేడా చూసుకోండి.

ఫోన్లో ఒక్క మాట అనొద్దు: "ఇక్కడేం పండగమ్మా, డ్యూటీనే." అది విన్నాక ఆమెకు ఓళిగ గొంతు దిగదు. "తలకు పోసుకున్యావా? పచ్చడి తిన్యావా?" అని అడుగుతుంది. రెండింటికీ నిజంగానే అవునని చెప్పగలిగేటట్టు ఉండండి. కట్టు చారులో పులుపు ఎక్కువైంది, ఏం చేయాలి అని అడగండి. ఆమెకు మీ పండగలో ఒక పని దొరుకుతుంది. ఇంటి దగ్గర అమ్మానాయనలు ఇద్దరే ఉంటే, వాళ్లు మనకోసం వండుకోవడం మానేసి ఉండొచ్చు. పక్కింటి పిల్లలకైనా నాలుగు ఓళిగలు చేసి పెట్టమని మీరే చెప్పండి, బేడలు, బెల్లం, నెయ్యి ముందురోజే ఇంటికి పంపించండి.

మరుసటి రోజు, పిల్లలు

మా వైపు పల్లెల్లో మరుసటి రోజు కూడా పండగే. వేటకూర, అలసంద వడలు ఆ రోజుకే. ఓళిగలు మిగిలి ఉంటాయి, పొద్దున పాలల్లో నంచుకు తినొచ్చు. అనంతపురం వైపు ఉగాది దాటాక నెలపొడుపు చూసి పెద్దల కాళ్లకు మొక్కుతారు. పరదేశంలో దీనికి ఖర్చు లేదు, సరుకులు అక్కర్లేదు. పొద్దుగూకగానే పడమటి దిక్కు తెరిపిగా కనిపించే చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి, సన్నటి నెలవంక గంటలోపే దిగిపోతుంది. చూశాక ఇంటికి ఫోన్ చేసి అవ్వకు, తాతకు మొక్కించండి.

అక్కడే పుట్టిన పిల్లలకు ఉగాది గురించి ఉపన్యాసం అక్కర్లేదు. తోరణానికి ఆకులు గుచ్చడమో, బెల్లం చితక్కొట్టడమో ఒక పని వాళ్ల పేరున రాసిపెట్టి, ఏటా అదే వాళ్లకు అప్పగించండి. మీరు కల్పించుకోవద్దు. ఆకులు వంకరగా కట్టినా అలాగే ఉంచండి. పచ్చడిలో చేదుకు మొహం చిట్లిస్తే బతిమాలొద్దు, చెంచా కొసతో నాలికకు తగిలిస్తే చాలు. బడికి ఆ రోజు సెలవు ఉండదు, కొత్త బట్టల్లోనే పంపండి.

పండగ హడావుడి తగ్గిన ఆ వారంలోనే ఇంటికి ఇంకో ఫోన్ చేయండి. చెట్టు మీద పూత ఇంకా ఉంటుంది, మరో నెల పోతే కాయ పట్టి పూత దొరకదు. వచ్చే ఉగాదికి ఒక డబ్బా ఎండబెట్టమని, వేసవి సెలవులకు వచ్చిపోయేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చేతికి ఇవ్వమని ఇప్పుడే చెప్పండి.